బస్సెక్కని వాళ్లనూ అడగాలి: ప్రయాణికుల అభిప్రాయాలతో సిటీ సర్వీసుల ప్రణాళిక

అందరికీ నమస్కారం. డిపోల నుంచి వచ్చిన అధికారులు, రవాణా ప్రణాళిక చదువుతున్న విద్యార్థులు కలిసి కూర్చున్న సభ ఇది. కాబట్టి సిద్ధాంతం కొంచెం తగ్గించి, పని ఎలా చేయాలన్నదే ఎక్కువగా చెబుతాను.

కండక్టర్ చేతిలోని టిమ్ యంత్రం, అంటే టికెట్లిచ్చే యంత్రం, చాలా విషయాలు చెబుతుంది. ఏ స్టేజీలో ఎక్కారు, ఎక్కడి దాకా టికెట్ తీసుకున్నారు, ఏ ట్రిప్పులో ఎంతమంది అన్నవి అందులో దొరుకుతాయి. ఓఆర్ (బస్సులో సీట్లు ఎంత శాతం నిండాయన్నది), ఈపీకే (కిలోమీటరుకి వచ్చే ఆదాయం) లెక్కలకు ఆధారం అదే. వాటిని చూసే ట్రిప్పులు పెంచుతాం, తగ్గిస్తాం. కానీ ఉప్పల్ స్టాపులో 20 నిమిషాలు నిలబడి, విసిగి షేర్ ఆటో ఎక్కిపోయిన మనిషి ఆ యంత్రంలో కనిపించడు. నిండుగా వచ్చిన రెండు బస్సులు వదిలేసి మూడోది ఎక్కిన మహిళకు టికెట్ ఉంటుంది గానీ, ఆ రెండు బస్సుల సంగతి ఎక్కడా నమోదు కాదు. అభిప్రాయ సేకరణ ముఖ్యంగా ఈ కనిపించని భాగం కోసమే.

తెలంగాణలో 2023 డిసెంబర్ 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి మొదలయ్యాక ఈ అవసరం ఇంకా పెరిగింది. సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్‌లలో మహిళలకు ఛార్జీ లేదు. అయినా ఒకామె డబ్బిచ్చి ఆటోలో వెళుతోందంటే కారణం ఛార్జీ కాదు. స్టాపు దూరమో, బస్సు ఎప్పుడొస్తుందో తెలియకపోవడమో, రద్దీయో, స్టాపులో చీకటో అయ్యుండాలి. ఏదన్నది ఆమెనే అడగాలి.

ప్రశ్నలు రాసే ముందే ఒకటి తేల్చుకోవాలి: జవాబులు వచ్చాక మనం నిజంగా ఏం మార్చగలం? ఒక రూటుకి 6 బస్సులున్నాయనుకుందాం. కాలనీ లోపలి దాకా వెళ్లొస్తే రౌండు ట్రిప్పుకి 90 నిమిషాలు, అంటే 15 నిమిషాలకో బస్సు. మెయిన్ రోడ్డు దగ్గరే తిప్పేస్తే 60 నిమిషాలు, అంటే 10 నిమిషాలకో బస్సు. బస్సులు అవే, డ్యూటీలు అవే. మరి కాలనీ వాళ్లు అదనంగా 8 నిమిషాలు నడుస్తారా, లేక బస్సే మానేస్తారా? సర్వే ఇలాంటి ప్రశ్న కోసం చేయాలి. ఏ జవాబొచ్చినా మన నిర్ణయం మారదనుకుంటే ఆ ప్రశ్న కొట్టేయండి. 40 ప్రశ్నల కాగితానికి స్టాపులో నిలబడి ఎవరూ శ్రద్ధగా జవాబివ్వరు. 3 నిమిషాల్లో అయిపోవాలి.

ఎవరిని అడగాలన్న దగ్గరే ఎక్కువ సర్వేలు దెబ్బతింటాయి. బస్సులోనే అడిగితే వారానికి 10 సార్లు ఎక్కే మనిషి మనకు తారసపడే అవకాశం, రెండుసార్లు ఎక్కే మనిషికన్నా 5 రెట్లు ఎక్కువ. అందుకని ‘గత 7 రోజుల్లో ఎన్నిసార్లు బస్సెక్కారు’ అని అందరినీ అడిగి, ఎక్కువసార్లు ఎక్కేవారి జవాబుకు అంతే నిష్పత్తిలో తూకం తగ్గించాలి. ఇంకో చిక్కు, సాయంత్రం 6 గంటలకు కిక్కిరిసిన బస్సులో సర్వేయరు కదలలేడు. దాంతో కూర్చున్నవాళ్లనే అడుగుతాడు. ఫుట్‌బోర్డు మీద వేలాడుతున్న కుర్రాడి మాట, ముందు తలుపు దగ్గర ఇరుక్కున్న మహిళ మాట కాగితం మీదికి రానే రావు. రద్దీ గురించి చేసిన సర్వేలో రద్దీ బాధితులే లేకపోతే ఇక దానికి విలువేముంది? రద్దీ వేళల్లో సర్వే స్టాపుల్లోనే చేయాలి. షేర్ ఆటోలు ఆగే చోట, కాలేజీ గేట్ల దగ్గర, అపార్టుమెంట్లలో బైకులు తీసే వేళ కూడా మనుషుల్ని పెట్టాలి. మహిళలను అడగడానికి మహిళా సర్వేయర్లు ఉండాలి. ఖాకీ బట్టల్లో వెళ్లి అడిగితే మొహమాటానికి అంతా బాగుందనే అంటారు.

ఎంతమంది అన్నదానికి వాడుకలో ఉన్న లెక్క ఇది. 95 శాతం నమ్మకంతో, అటూఇటూ 5 శాతం తేడాతో ఒక అంచనా కావాలంటే సుమారు 385 మంది కావాలి. అది ఒక గుంపుకి మాత్రమే. రాత్రివేళ ప్రయాణించే మహిళల సంగతి విడిగా అంతే కచ్చితంగా తెలియాలంటే వాళ్లే 385 మంది ఉండాలి. పైగా ఒకే బస్సులోని వాళ్ల అనుభవం ఒకేలా ఉంటుంది. 10 ట్రిప్పుల్లో 60 మంది చొప్పున కాకుండా, 40 ట్రిప్పుల్లో 15 మంది చొప్పున అడిగితే అవే 600 కాగితాలు ఎంతో ఎక్కువ చెబుతాయి.

‘సర్వీసు ఎలా ఉంది?’ అన్న ప్రశ్న వల్ల ఉపయోగం తక్కువ. ఇవాళ్టి ప్రయాణం గురించి అడగండి. స్టాపుకి ఎన్నింటికి వచ్చారు, ఎన్ని నిమిషాలు నడిచారు, ఎన్ని బస్సులు వదిలేశారు, ఎందుకు వదిలేశారు? అలాగే ‘ఏసీ బస్సు కావాలా’ అంటే కావాలనే అంటారు. రెండు కార్డులు చూపించి ఒకటి ఎంచుకోమనాలి. ఒక కార్డులో 3 నిమిషాల నడక, 15 నిమిషాలకో బస్సు. రెండో దాంట్లో 11 నిమిషాల నడక, 10 నిమిషాలకో బస్సు. అంకెలు మారుస్తూ ఒక్కొక్కరికి ఆరేడు జతలు చాలు. అంతకు మించితే విసుగొచ్చి ఏదో ఒకటి చూపించేస్తారు. కార్డు మీద చెప్పినదంతా ఆచరణలోకి రాదని కూడా గుర్తుంచుకోవాలి. ఇలా తేలిన అంచనాను, ఇప్పటికే అలాంటి సర్వీసున్న వేరే రూటు టికెట్ లెక్కతో సరిచూడాలి.

మనిషి ప్రవర్తన వెనక మూడు అంశాలుంటాయని మనస్తత్వ శాస్త్రవేత్త ఐసెక్ ఐజెన్ 1991లో వివరించారు. ఆ పనిపై తనకున్న అభిప్రాయం, చుట్టూ ఉన్నవాళ్ల మాట, అది తన వల్ల అవుతుందన్న నమ్మకం. మనకివి విడివిడిగా తెలియాలి. రాత్రి 9 గంటలకు కోచింగ్ నుంచి వచ్చే అమ్మాయికి బస్సంటే ఇష్టమే ఉండొచ్చు, వద్దనేది ఇంట్లోవాళ్లు. ఆమెకు రంగుల బ్రోషర్ పంపితే ప్రయోజనం లేదు. స్టాపులో లైటు, చివరి బస్సు కచ్చితమైన సమయం కావాలి. నగరానికి కొత్తగా వచ్చిన మనిషికి ఏ నంబరు బస్సు ఎటు వెళుతుందో తెలియదు. అతనికి ఒక బోర్డు చాలు.

ఇక నిరీక్షణ. ‘అరగంటకో బస్సు’ అని ప్రయాణికులంటే, షెడ్యూలులో 10 నిమిషాలకొకటి ఉందని మనం కొట్టిపారేస్తాం. అది అన్యాయం. ఒక బస్సు 2 నిమిషాలకు, తర్వాతది 18 నిమిషాలకు వచ్చిందనుకోండి. సగటు 10 నిమిషాలే. కానీ వేళా పాళా చూసుకోకుండా స్టాపుకొచ్చే 10 మందిలో 9 మంది ఆ 18 నిమిషాల ఖాళీలోనే చిక్కుకుంటారు. సగటు నిరీక్షణ 5 నిమిషాలుండాల్సింది 8.2కి పోతుంది. ఓఆర్ లెక్కలోనూ ఇదే జరుగుతుంది. ముందు బస్సులో 80 మంది, వెనక బస్సులో 20 మంది ఉంటే బస్సుకి సగటున 50 మందని రాసుకుంటాం. కానీ ఆ 100 మందిలో 80 మంది చూసింది కిక్కిరిసిన బస్సునే. ప్రయాణికుల వైపు నుంచి సగటు తీస్తే 68 వస్తుంది. అడిగినప్పుడు వాళ్లు చెప్పేది ఈ రెండో సగటే, అదే సరైనది. ఇక్కడ కొత్త బస్సులు అడగక్కర్లేదు. టెర్మినల్‌లో, దారి మధ్యలో ఒక స్టాపులో కంట్రోలరును ఉంచి, జంటగా వచ్చిన బస్సుల్లో వెనకదాన్ని ఆపి పంపితే సగం ఫిర్యాదు తీరుతుంది.

సమాచారం వల్ల కూడా తేడా ఉంటుంది. 2011లో ప్రచురితమైన సియాటిల్ అధ్యయనంలో, ఫోనులో బస్సు రాకను చూసుకునేవారు సగటున 7.5 నిమిషాలు ఆగామని చెబితే, చూసుకోనివారు 9.9 నిమిషాలన్నారు. అయితే ఫోనులో 4 నిమిషాలని చూపించి 15 నిమిషాలకు బస్సొస్తే ఆ తర్వాత ఎవరూ నమ్మరు. ముందు బస్సులోని జీపీఎస్ పనిచేస్తోందో లేదో రోజూ చూసే మనిషిని డిపోలో పెట్టండి.

జవాబుల విశ్లేషణలో ఒక జాగ్రత్త. ‘ఏది ముఖ్యం’ అని నేరుగా అడిగితే అన్నీ ముఖ్యమే అంటారు. ఒక్కో అంశానికి ఇచ్చిన మార్కులు, మొత్తం సర్వీసుకి ఇచ్చిన మార్కులతో ఎంత కలిసి కదులుతున్నాయో చూస్తే అసలు బరువు తెలుస్తుంది. దాన్ని బైకున్నవారికి, లేనివారికి విడివిడిగా తీయండి. బస్సు తప్ప దారిలేని వాళ్ల సహనాన్ని సంతృప్తి అనుకోకూడదు.

మార్పు చేసిన 8 వారాలకు అవే స్టాపుల్లో, అవే వేళల్లో మళ్లీ అడగాలి. పోలిక కోసం, ఏ మార్పూ చేయని రూటు ఒకదాంట్లోనూ ఇలాగే అడగాలి. దసరా, సంక్రాంతి, ఎండాకాలం సెలవులు రెండు సర్వేల్లో దేనికీ తగలకూడదు. రెండు రూట్లలోనూ రద్దీ ఒకేలా తగ్గితే దానికి మన మార్పు కారణం కాదు. ఏ ట్రిప్పు ఎన్నింటికి మారింది, ప్రయాణికులు ఏం చెప్పినందువల్ల మారింది అన్నది రెండు వరుసల్లో రాసి అదే స్టాపులో అంటించండి. తర్వాతిసారి సర్వేయరు కాగితం పట్టుకుని వెళ్లినప్పుడు ఆగి జవాబిచ్చేవాళ్లు పెరుగుతారు.