వంటింటి నల్లా విప్పి మీటర్ చూడొద్దు: దొంగ లైన్ దొరికేది సంపు దగ్గర

నమస్తే. ఇల్లు కొనేముందు చూడటానికి వెళ్లినవాళ్లు చేసే ఒక పరీక్ష ఉంది. అది చూస్తే నాకు చిరాకేస్తుంది. వంటింట్లో నల్లా విప్పుతారు, గేటు దగ్గరికి వెళ్లి మీటర్ చూస్తారు. తిరగట్లేదు. వెంటనే "ఇది దొంగ కనెక్షన్" అని తేల్చేస్తారు. ఇంకొందరు బిల్లు సున్నా ఉంది కాబట్టి అంతా సక్రమమే అంటారు. రెండూ తప్పే.

మన హైదరాబాద్‌లో మీటర్ దాటిన నీళ్లు మామూలుగా ముందు సంపులో పడతాయి. అక్కడి నుంచి మోటర్‌తో పై ట్యాంకుకు ఎక్కి, ఆ తర్వాతే వంటింటికి వస్తాయి. మీటర్‌ని గేటు దగ్గర రిజిస్టర్ పట్టుకున్న వాచ్‌మన్ అనుకోండి. బయటి నుంచి వచ్చేవాళ్లనే రాస్తాడు. హాల్లోంచి వంటింట్లోకి నడిచేవాళ్లతో ఆయనకు పనిలేదు. చాలా బస్తీల్లో, కాలనీల్లో నీళ్లు రోజు విడిచి రోజు, అదీ కొద్దిసేపే వస్తాయి. మిగతా టైమంతా మీటర్ ఆగి ఉండటమే సరైన పని. సున్నా బిల్లు సంగతీ అంతే. ఇళ్లకు నెలకు 20 వేల లీటర్ల ఉచిత పథకం 2021లో మొదలైంది. రిజిస్టర్‌లోకి ఎక్కినవి 20 వేలు దాటలేదని మాత్రమే ఆ సున్నా చెబుతుంది. ఎక్కనివి ఎన్నో చెప్పదు.

కాబట్టి చూడాల్సింది వెనక గేటు ఉందా అని, అంటే మీటర్‌ని తప్పించి నీళ్లు తెచ్చే దొంగ లైన్ ఉందా అని. నీళ్లొచ్చే టైమ్ కనుక్కుని, ఒక గంట ముందే వెళ్లండి.

(తెరపై: సంపు మూత, టార్చ్ వెలుగు)

మూత తీసి పైనుంచే చూడండి. లోపలికి మాత్రం దిగొద్దు, ఊపిరాడక ప్రాణాలు పోతాయి. నల్లా లైన్ ఒకటి, బోరు లైన్ ఒకటి, మోటర్‌కి వెళ్లే సక్షన్ పైపు ఒకటి ఉంటాయి. నాలుగోది కనిపిస్తే అది ఎక్కడి నుంచి వస్తోందో అడగండి. పాత ఇల్లు కూల్చి అపార్ట్‌మెంట్ కట్టిన చోట, పాత అర అంగుళం కనెక్షన్ మెయిన్ (వీధిలోని పెద్ద పైపు) దగ్గర తెగకుండా అలాగే మిగిలిపోతుంటుంది. ఇంకో చోటు, మీటర్‌కి ముందే టీ (T) ఆకారం జాయింట్ వేసి తీసిన లైన్. గేటు పక్క నల్లా, తోట పైపు ముందుగా చూడండి.

నీళ్లు వదలగానే మొదటి ఐదు నిమిషాలు ఏ లెక్కా వేయొద్దు. పైపులో ఉన్న గాలికి కూడా మీటర్ తిరుగుతుంది. ఆ తర్వాత బోరు, సంపు మోటర్లు రెండూ ఆపి, మీటర్ పక్కనున్న వాల్వ్ పూర్తిగా కట్టేయండి.

(తెరపై: మీటర్ అద్దం, బాగా దగ్గరగా)

అద్దం కింద చిన్న నక్షత్రం లాంటి చక్రం ఉంటుంది, అదే చూడాలి. మెల్లగా తిరుగుతుంటే వాల్వ్ పాతబడి నీళ్లు వదులుతోందని అర్థం, దొంగ లైన్ అని కాదు. చక్రం పూర్తిగా ఆగిపోయి కూడా సంపులో మట్టం పెరుగుతుంటే మాత్రం వెనక గేటు తెరిచి ఉన్నట్టే.

అనుమానం తీరకపోతే వాల్వ్ విప్పి కొలవండి. సంపు లోపల 8 అడుగులు, 6 అడుగులు అనుకుందాం. మట్టం 6 అంగుళాలు పెరిగితే 24 ఘనపుటడుగులు, అంటే దాదాపు 680 లీటర్లు. ఆ సేపట్లో మీటర్‌లోనూ అంతే పెరగాలి. యాభై లీటర్లు అటూఇటూ అయితే అది టేపు తేడా. మీటర్ 300 చూపిస్తే రెండు కారణాలుంటాయి: వెనక గేటు, లేదా వాచ్‌మన్ నిద్రపోవడం, అంటే మీటరే సరిగా తిరగకపోవడం. మీటర్ జాలీలో చెత్త ఇరుక్కుందా, మీటర్ పక్కకు వాలిందా, ఒంటిమీది బాణం గుర్తు సంపు వైపే ఉందా చూశాకే దొంగ లైన్ అనండి.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా. ఆ నాలుగో పైపు బోరుదే అయితే దానికి జలమండలి (నగర నీటి బోర్డు) మీటర్ లేకపోవడం దొంగతనం కాదు. ఆ పైపు నీళ్లు పట్టి క్లోరిన్ టెస్ట్ చుక్కలు వేయండి. పసుపు రంగు తిరిగితే క్లోరిన్ కలిపిన జలమండలి నీళ్లే అయ్యుండాలి, బోరు నీళ్లకు సాధారణంగా రంగు రాదు.

దొంగ లైన్ అని తేలితే మీరే కోసి ఎండ్ క్యాప్ పెట్టించొద్దు. మెయిన్ దగ్గర ఫెర్రుల్ (పెద్ద పైపుకి ఇంటి కనెక్షన్ కలిపే బిగింపు) విప్పి మూయాల్సింది జలమండలి వాళ్లే. పైన క్యాప్ పెట్టి వదిలేస్తే, భూమిలో మిగిలిన పైపు తుప్పుపట్టి కారుతుంది. సప్లయ్ లేని గంటల్లో అదే చిల్లు నుంచి డ్రైనేజీ నీళ్లు లోపలికి లాక్కుంటుంది. మీ ఇంటికే కాదు, వీధి మొత్తానికీ ప్రమాదం. వీడియో తీసుకోండి, బిల్లు మీది క్యాన్ నంబర్ (కస్టమర్ అకౌంట్ నంబర్), మీటర్ నంబర్ సరిపోల్చుకోండి, 155313కి ఫోన్ చేయండి. లైన్ తీయించడమో, సక్రమం చేయించడమో, పాత బకాయిలు కట్టడమో అమ్మేవాళ్ల బాధ్యత అని అగ్రిమెంట్‌లోనే రాయించండి. రిజిస్ట్రేషన్ అయ్యాక ఆ కనెక్షన్‌కి జవాబు చెప్పుకోవాల్సింది మీరే.