గొట్టంలో గొట్టం: ఎక్స్‌రే టెలిస్కోపు అద్దాల సంగతి

అందరికీ నమస్కారం.

అద్దం అనగానే ఎదురుగా నిలబడి చూసుకునేదే గుర్తొస్తుంది. ఎక్స్‌రే కిరణాల దగ్గర ఆ పప్పులుడకవు. ఎదురుగా పెడితే అద్దంలోకే దూరిపోతాయి. చెరువులో చిల్లపెంకును బాగా వాలుగా విసిరితేనే నీటి మీద ఎగురుతుంది కదా, ఇవీ అంతే. సుమారు ఒక డిగ్రీ వాలులో తగిలితేనే దారి మళ్లుతాయి. అందుకే నక్షత్రాల నుంచి వచ్చే ఎక్స్‌రేలను పట్టే టెలిస్కోపులో అద్దం గొట్టంలా ఉంటుంది. ఒక్క గొట్టానికి చిక్కే కిరణాలు కొన్నే కాబట్టి గొట్టంలో గొట్టం, దాన్లో ఇంకోటి పెడతారు. గోడ మందమైతే బరువు ఒక్కటే కాదు గొడవ, కిరణాలు వచ్చే దారికీ అదే అడ్డం.

ఖగోళ శాస్త్రవేత్త సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్ పేరుతో 1999లో అంతరిక్షంలోకి వెళ్లిన నాసా ఎక్స్‌రే టెలిస్కోపు 'చంద్రా'లో గోడలు మందపాటి గాజు. గొట్టాలు నాలుగే జతలు, అయినా అద్దాల బరువు దాదాపు వెయ్యి కిలోలు. చూపు మాత్రం మహా పదును: నిండు చంద్రుడి వెడల్పులో 3600వ వంతు వివరాన్ని కూడా విడిగా చూడగలదు. ఇప్పటికీ మరే ఎక్స్‌రే టెలిస్కోపుకూ అంత పదును రాలేదు.

2015లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన ఆస్ట్రోశాట్ ఉపగ్రహంలోని ఎక్స్‌రే టెలిస్కోపుది వేరే దారి. ముంబైలోని టాటా పరిశోధన సంస్థ వాళ్లు దానికి 0.2 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుతో అద్దాలు చేశారు. అంత పలచటి రేకును పాలిష్ చేయబోతే వంగిపోతుంది. అందుకని నున్నటి గాజు అచ్చు మీద బంగారం పూత వేసి, ఎపాక్సీ జిగురు పూసిన రేకును దానికి అంటించి, ఓవెన్‌లో గట్టిపడ్డాక ఊడదీస్తారు. బంగారం గాజును వదిలి రేకుతో వచ్చేస్తుంది, వస్తూ గాజు నునుపునూ పట్టుకొస్తుంది. నాకు ఇది భలే ముచ్చటగా ఉంటుంది. కానీ నునుపు వేరు, ఆకారం వేరు. రేకు ఎక్కడో కొంచెం వంకరపోతుంది, నక్షత్రం చుక్క చంద్రుడి వెడల్పులో దాదాపు పదిహేనో వంతు మేర అలుక్కుపోతుంది.

తేలికా కావాలి, పదునూ కావాలంటే? నాసా గొడార్డ్ కేంద్రం వాళ్లు సిలికాన్‌ను పట్టుకున్నారు. మామూలు గాజుకూ లోహానికీ లోపల బిగువు ఉంటుంది. పలచగా కోస్తే, పచ్చి చెక్క పలక ఎండి మెలితిరిగినట్టు తిరుగుతాయి. ఒకే స్ఫటికంగా పెరిగిన సిలికాన్‌లో ఆ బిగువు లేదు. కోతలో పైన తగిలిన గాయాన్ని యాసిడ్‌తో కరిగించేస్తే, మిల్లీమీటరు కన్నా పలచనైనా ఆకారం నిలుస్తుంది. పైగా చిప్పుల పరిశ్రమ పుణ్యమా అని ఇంత మేలురకం సరుకు చవగ్గా దొరుకుతోంది.

ఇక మిగిలిన టెన్షనల్లా అతికించడమే. గొట్టాలు కట్టడానికి ఇలాంటి సిలికాన్ అద్దం ముక్కలు వేలల్లో కావాలి. ఒక్కోదాన్నీ నాలుగు చిన్న కాళ్ల మీద నిలబెట్టాలి. జిగురు ఆరుతూ ఎంత ముడుచుకుంటుందో కూడా లెక్కలోకి తీసుకోవాలి.