ఇప్పచెట్టు కింద మంట

అందరికీ నమస్కారం. అడవులు, మనుషులు, మారుతున్న వాతావరణం మీద పీజీ, పీహెచ్‌డీ చెయ్యబోయేవాళ్లకు నాలుగు మాటలు చెప్పమన్నారు. ముందుగా ఒక జాగ్రత్త. ములుగులో ఫారెస్ట్ కాలేజీ ఉందని విని మేడారం వైపు బస్సెక్కేయకండి. కాలేజీ ఉన్న ములుగు సిద్దిపేట జిల్లాలోది. సమ్మక్క సారలమ్మల ములుగు వేరు. నా స్నేహితురాలు ఒకామె నిజంగానే ఎక్కి, జనగామ దాటాక కండక్టర్ని అడిగింది.

హైదరాబాద్‌లో కూర్చుని అడవిని చదవడం చాలా తేలిక. ఉపగ్రహాలు పంపే డేటా మన షాద్‌నగర్‌లోనే దిగుతుంది. దూలపల్లికి వెళ్తే అటవీ అకాడమీ ఉంది, అటవీ జీవవైవిధ్య సంస్థ ఉంది. లాప్‌టాప్, నెట్ ఉంటే చెప్పుకు మట్టి అంటకుండా థీసిస్ పూర్తి చెయ్యొచ్చు. చేసినవాళ్లున్నారు. పదిహేనేళ్ల కిందట నేనూ ఆ దారిలోనే పడ్డాను.

అప్పుడు నా దగ్గరున్నది ఆదిలాబాద్ అడవుల్లో మంటల మ్యాపు. మంట దొరికినచోట ఒక ఎర్ర చుక్క. ఇప్పుడొస్తున్న డేటాలో ఒక్కో గడి 375 మీటర్లు. అప్పట్లో నేను వాడిన మోడిస్ అనే ఉపగ్రహ పరికరం డేటాలో కిలోమీటరు. ఆ గడిలో ఏ మూల అంటుకుందో, ఎంత మేర కాలిందో చుక్క చెప్పదు. చుక్కలన్నీ మార్చి నెలలో, ఊళ్ల చుట్టూ ఎక్కువ. ప్రపోజల్‌లో కారణం ఒక్క ముక్కలో రాసేశాను: స్థానికుల నిర్లక్ష్యం. గైడ్ కూడా ఏమీ అనలేదు.

ఆ తర్వాత 42 ప్రశ్నల ఫారం పట్టుకుని ఉట్నూరు వైపు ఒక గోండు గూడేనికి వెళ్లాను. మూడో ప్రశ్న: "గత పదేళ్లలో వాతావరణంలో మార్పులు గమనించారా?" అందరూ "అవును మేడం" అన్నారు. ఏం మార్పు? "ఎండలు ఎక్కువైనయ్ మేడం." రెండు రోజుల్లో ముప్ఫై ఫారాలు నిండాయి, ముప్ఫైలోనూ అదే జవాబు. చివర్లో ఒక అవ్వ అడిగింది, "గిది నింపితే మాకేమొస్తది బిడ్డా?" నీళ్లు నమిలాను. ఆమే జాలిపడి, "పొద్దుగాల పువ్వుకు పోతం, వస్తవా?" అంది.

నాలుగింటికి బయలుదేరాం. చీకట్లో ఇప్పచెట్టు కనబడకముందే వాసన తగులుతుంది, తియ్యగా, కాస్త మత్తుగా. టార్చి వేస్తే చెట్టు కింద నేల ఒక గదంత మేర కాలి నల్లగా ఉంది. ఆ నలుపు మీద మీగడ రంగు పువ్వులు. ఒక్కోటీ టప్‌మని రాలుతోంది. ఎండుటాకులుంటే పువ్వు కనబడదట, తేలూ కనబడదట. అందుకే పువ్వు రాలే ముందు ఆకులకు అగ్గి పెడతారు. అగ్గి ఎందుకవ్వా, ఊడ్చొచ్చుగా అన్నాను. "పన్నెండు చెట్లు బిడ్డా. నువ్వు ఊడుస్తవా?"

ఏ చెట్టు ఎవరిదో ఊరందరికీ తెలుసు. ఈ వరస మా ఇంటిది, వాగు అవతలిది మా మరిదిది అని చెబుతూ ఏరింది. ఏ కాగితంలోనూ లేని పంపకం అది. గాలి ఉన్న రోజు అగ్గి పెడితే దాటిపోతుందని ఆమెకు నాకన్నా బాగా తెలుసు. వెనకటికి గాలి చూసి పెట్టేవాళ్లట. ఇప్పుడు కుర్రవాళ్లు కూలికి పోయే తొందరలో అంటించి వెళ్లిపోతున్నారట. తెల్లారాక, గంప నెత్తికెత్తుకుంటూ ఇంకో మాట చెప్పింది. అంతకుముందు ఏడాది ఆరబోసిన పువ్వు మీద వాన పడి మొత్తం నల్లబడిందట, సేటు సగం ధర కూడా ఇవ్వలేదట. నా మూడో ప్రశ్నకు జవాబు అదే. రాయడానికి ఫారంలో గడి లేదు.

చెట్టు కింద వల కడితే అగ్గితో పని లేదు. మధ్యప్రదేశ్, ఛత్తీస్‌గఢ్‌లలో కొన్నిచోట్ల అలా చేస్తున్నారు. పన్నెండు చెట్లకు వలలు ఎవరు కొనాలి, చిరిగితే ఎవరు కుట్టాలి? అటవీ నిర్వహణ అంటే ఎక్కువ భాగం ఇలాంటి ప్రశ్నలే.

తునికాకుదీ ఇదే కథ. ఫిబ్రవరి, మార్చిలో కొమ్మ కొట్టాక వచ్చిన లేత ఆకును ఏప్రిల్, మేలలో కోసి, యాభై ఆకులకో కట్ట కట్టి కల్లంలో ఆరబెడతారు. ఆరే రోజుల్లో వాన పడితే ఆకు పాడు. ఏడాది వర్షపాతం సగటు తీస్తే ఆ ఒక్క వాన మీకు కనిపించను కూడా కనిపించదు.

ఇక మ్యాపుల సంగతి. మన అటవీ సర్వే లెక్కలో హెక్టారుకు తగ్గని నేల మీద చెట్ల గుబురు 10 శాతం ఉంటే చాలు, అటవీ విస్తీర్ణంలో పడుతుంది. ఏ చెట్టు, ఎవరి భూమి అని చూడరు. కాగితం మిల్లు కోసం పెంచే జామాయిల్ తోటా అడవే, మామిడి తోటా అడవే. 2030 కల్లా చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడును పట్టి ఉంచుతామని మన దేశం మాటిచ్చింది. తొందరగా పెరిగే జామాయిల్ ఆ లెక్కకు ముద్దొస్తుంది. దాని కింద అవ్వకు ఏరుకోవడానికి ఏమీ రాలదు. పచ్చదనం పెరిగిందని ఎవరైనా గ్రాఫ్ చూపిస్తే, ఏ పచ్చదనం అని అడగండి. మొహమాటపడకండి.

ఈ చదువు హైదరాబాద్‌కు కొత్తేమీ కాదు. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణాలు పోయిన తర్వాత, ఆదివాసుల పరిస్థితి అధ్యయనం చెయ్యమని నిజాం సర్కారు మానవశాస్త్రవేత్త హైమన్‌డార్ఫ్‌ను కోరింది. రిజర్వు అడవి గీతలు గూడేలను ఎలా కదిలించాయో ఆయన రాశాడు. మార్లవాయిలో గుడిసె వేసుకుని గోండుల మధ్య ఉండి రాశాడు.

ఆ తర్వాత 1992 నుంచి వన సంరక్షణ సమితులు వచ్చాయి: ఊరు అడవిని కాపాడితే ఆదాయంలో వాటా. నేను తిరిగిన ఊళ్లలో ప్రాజెక్టు డబ్బు అయిపోయాక రేకు బోర్డులు మిగిలాయి. 2006 అటవీ హక్కుల చట్టం వాటా దగ్గర ఆగలేదు, ఊరి అడవిని కాపాడుకుని నిర్వహించుకునే హక్కునే ఇచ్చింది. వాటాకూ హక్కుకూ ఉన్న తేడా మీద సెమిస్టరంతా మాట్లాడొచ్చు.

టాపిక్ కోసం వెతుక్కునేవాళ్లకు ఒకటి చెబుతాను. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా (మేడారం ఉన్న ములుగే) తాడ్వాయి అడవుల్లో పెనుగాలికి వేలాది చెట్లు నేలకూలాయి. ఎందుకు కూలాయో వాతావరణం వాళ్లు చూస్తారు. ఆ తర్వాత ఏమవుతోందో మీరు చూడండి. ఎండ తగిలిన నేలలో ఏ మొక్క ముందు లేస్తోంది, గడ్డి పెరిగి వేసవిలో మంటలు ఎక్కువవుతాయా, పశువులు ఎటు మళ్లుతున్నాయి, తేనెకు పోయేవాళ్లు దారి మార్చారా. బస్సు దూరంలో ఒక పీహెచ్‌డీకి సరిపడా పని ఉంది. ఫెలోషిప్ మాత్రం మధ్యలోనే అయిపోతుంది, ఆ టెన్షన్ ఎలాగూ తప్పదు.

నా థీసిస్‌లో "నిర్లక్ష్యం" అన్న మాట కొట్టేశాను. అవ్వ చెప్పిన చెట్ల వరసలు, వాగు, కల్లం గుర్తులు పెట్టి ఒక మ్యాపు గీశాం. ఊరి పిల్లలే జీపీఎస్ పట్టుకుని తిరిగారు. గ్రామసభ దాన్ని సామూహిక అటవీ హక్కు దరఖాస్తుకు జతచేసింది. పోయిన నెల ఫోన్ చేస్తే ఫైలు ఇంకా ఆఫీసులోనే ఉందన్నారు. వచ్చే మార్చిలో పువ్వుకు వెళ్తున్నాను. బండిలో ఇద్దరికి చోటుంది, రావాలనుకునేవాళ్లు టీ దగ్గర చెప్పండి. నాలుగింటికి లేవాలి మరి.