అమ్మ వేలిముద్రకి తాళం: ఆధార్ బయోమెట్రిక్ లాక్ రివ్యూ

అందరికీ నమస్కారం అండి, ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి మాట్లాడుతున్నాను. ఈసారి కొత్త ఫోనేమీ లేదు, రూపాయి ఖర్చు లేని ఒక ఆప్షన్ ఉంది, ఆధార్‌లో బయోమెట్రిక్ లాక్, అంటే మన వేలిముద్రని ఎవరూ వాడకుండా వేసే తాళం, దాని గురించి. మూడు నెలల నుంచి మా అమ్మ ఆధార్‌కి వేసి ఉంచాను, బాగున్నదీ ఇబ్బందైనదీ రెండూ చెప్తాను.

ఎందుకు వేశానంటే, కాశీనగర్‌లో మా పిన్ని ఉంది. ఒడిశా ప్రభుత్వం ఆడవాళ్ళకిచ్చే సుభద్ర పథకం డబ్బులు 5000 పడ్డాయని తెలిసి, వేలిముద్ర మెషిన్ పెట్టుకున్న ఒకాయన దగ్గరికెళ్ళింది. వేలు పడలేదమ్మా ఇంకోసారి పెట్టు అన్నాడట, పెట్టింది, మళ్ళీ పెట్టమంటే మళ్ళీ పెట్టింది, సర్వర్ లేదు రేపు రా అన్నాడు. మర్నాడెళ్తే అకౌంట్లో ఏమీ లేదు. మా పిన్ని పలాస వైపు చాన్నాళ్ళు జీడిపిక్కలు కొట్టిందండి, ఆ జీడి రసానికి వేళ్ళ కొసలు నల్లబడి గీతలు అరిగిపోయాయి, రేషన్ దగ్గర కూడా ఒక్కసారికి పడదు, అందుకే అతను చెప్పింది నమ్మేసింది. బొటనవేలు నా ముందు పెట్టి "నానేటి సేసాన్రా, ఏలే కదా ఎట్టాను" అంది. ఆ మాట నాకు ఇప్పటికీ పోలేదు.

ఓటీపీ చెప్పొద్దు చెప్పొద్దు అని మనం పెద్దోళ్ళకి రోజూ చెప్తాం కదా, ఇక్కడ ఓటీపీయే అక్కర్లేదు. ఏఈపీఎస్ అంటారు, ఆధార్‌తో డబ్బు తీసే పద్ధతి, బ్యాంకు పేరు, ఆధార్ నంబరు, వేలిముద్ర, ఈ మూడుంటే డబ్బు బయటికొస్తుంది. పాస్‌వర్డ్ పోతే మార్చుకుంటాం, వేలు ఎలా మారుస్తాం? పైగా మన వేలిముద్రలు ఎన్ని కాగితాల మీద ఉన్నాయో. 2018లో పెద్దపల్లి జిల్లాలో భూమి రిజిస్ట్రేషన్ కాగితాల మీది వేలిముద్రలు తీసి రబ్బరుతో అచ్చులు పోసి, వాటితో వేల సిమ్ములు యాక్టివేట్ చేసిన కేసు బయటపడింది, గుర్తుండే ఉంటుంది.

సరే, లాక్ ఎలా వేశానంటే, అమ్మది కీప్యాడ్ ఫోన్, అందుకని నా ఫోన్లో మైఆధార్ వెబ్‌సైట్ తెరిచి అమ్మ నంబరుకి వచ్చిన ఓటీపీతో లాగిన్ అయ్యాను, లాక్ అన్‌లాక్ బయోమెట్రిక్స్ అని ఉంటుంది, నొక్కితే అయిపోయింది. వేలిముద్రతో పాటు కంటిపాప, ముఖం కూడా లాక్ అయిపోతాయి.

నాకు నమ్మకం కుదరక అమ్మని తీసుకుని వేరే మెషిన్ దగ్గరికెళ్ళి వంద రూపాయలు తీయమన్నాను. వేలు పెట్టింది, ఎర్రర్ 330 అని వచ్చింది. లాక్ ఉంటే వచ్చే నంబరు అదే. అమ్మ కంగారు పడింది గానీ నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

ఇబ్బంది ఏటంటే రేషన్ రోజు. లాక్ ఉంటే అక్కడా వేలు పడదు, తాత్కాలికంగా తీస్తే 10 నిమిషాలే ఉంటుంది, తర్వాత దానంతటదే మళ్ళీ పడిపోతుంది. మొదటి నెల ఇంట్లోనే తీసి పంపించాను, అమ్మ లైన్లో నిలబడేసరికే టైమ్ అయిపోయింది, పాపం ఎండలో వెనక్కొచ్చింది. ఇప్పుడు ముందు ఇద్దరున్నప్పుడు నాకు ఫోన్ చేస్తుంది, ఓటీపీ చదివి చెప్తుంది, నేను తీస్తాను. సుభద్రకి ముఖం చూపించి చేసే ఈకేవైసీకి, పెన్షన్ లైఫ్ సర్టిఫికెట్‌కి కూడా ఇలాగే తీయాలి. అయినా సరే పెట్టుకోండి.

మైఆధార్‌లోనే హిస్టరీ అని ఇంకోటుంది, ఆరు నెలల్లో మన ఆధార్ ఎప్పుడెప్పుడు వాడారో 50 వరకు చూపిస్తుంది. అమ్మ పక్కన కూర్చుని ఒక్కో తేదీ చదివాను, ఒకటి ఇద్దరికీ గుర్తు రాలేదు, గుండె జారిపోయింది, చివరికి అది పాతపట్నంలో రోడ్డు పక్కన గొడుగు కింద కొన్న సిమ్ము. మనకి ఇటు ఒడిశా సిమ్ము అటు ఆంధ్రా సిమ్ము రెండూ ఉంటాయి కదా, మన పేరు మీద ఎన్ని ఉన్నాయో సంచార్ సాథీ అనే ప్రభుత్వ వెబ్‌సైట్‌లో చూసుకోండి, మీది కానిది ఉంటే అక్కడే రిపోర్ట్ చేయొచ్చు.

ఈ లాక్ ఓటీపీ మోసాల్ని ఆపదు, యూపీఐ పిన్ చెప్పేస్తే ఏమీ చేయలేదు, అది వేరే సంగతి. డబ్బు పోతే మాత్రం ఆ నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, మేము నాలుగు రోజులు ఆలస్యం చేశాం. ఆధార్ డౌట్లకి 1947, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు.

పిన్నికి ఇంకా లాక్ పడలేదు. ఆధార్‌కి లింకైన నంబరు ఎప్పుడో పోయిన సిమ్ముది, ఓటీపీ రావట్లేదు. సోమవారం ఆధార్ సెంటర్‌కి తీసుకెళ్తున్నాను, నంబరు మార్చడానికి 75 రూపాయలు, వేలు పడుతుందో లేదో అని ఇప్పటినుంచే కొబ్బరినూనె రాసుకుంటోంది.