వానే లేని అనంతపురంలో మట్టి ఎట్లా కొట్టుకుపోతోంది? (స్టూడియో చర్చ)

స్టూడియోలో: కళ్యాణదుర్గం వైపు నుంచి ఒక మహిళా రైతు, నేల శాస్త్రవేత్త, వాటర్‌షెడ్ (వాననీటిని, మట్టిని చేన్లోనే ఆపే) పనుల్లో చాలాకాలం తిరిగిన ఇంజినీర్.

యాంకర్: అక్కా, నీతోనే మొదలుపెడదాం. మన జిల్లాలో ఏడాదికి సగటున పడేదే 550 మిల్లీమీటర్ల వాన. అట్లాంటి చోట మట్టి కొట్టుకుపోతోందంటే జనం నమ్ముతారా?

రైతు: నమ్మకపోతే మా చేనికి రమ్మనండి. నెలంతా మబ్బు మొహం చూడం, ఒక రాత్రి గంటసేపు దంచి పోతుంది. తెల్లారి చూస్తే చేనంతా చారలు, వంకలో ఎర్రనీళ్ళు. ఆ ఎరుపు మా చేనిదే కదా.

శాస్త్రవేత్త: అసలు విషయం అదే. ఏడాది మొత్తంలో ఎంత పడిందనే దానికన్నా ఎంత జోరుగా పడింది, పడే వేళకు నేల మీద ఏముంది అన్నది ముఖ్యం. బోడినేలను చినుకు కొడితే మట్టిగడ్డ చితికిపోయి ఆ సన్న మట్టి నేల రంధ్రాల్లో ఇరుక్కుంటుంది. మన ఎర్రనేలల్లో సేంద్రియ కర్బనం చాలాచోట్ల అర శాతం కూడా లేదు, అంటే గడ్డను పట్టి ఉంచే జిగురే లేదు. పైన పెచ్చు కట్టేస్తుంది, ఇంక నీళ్ళు దిగవు, పక్కకు పారతాయి, పారేటప్పుడు సన్న మట్టిని, దాంతోపాటు మీరు డబ్బు పెట్టి వేసిన ఎరువును కూడా తీసుకుపోతాయి. మిగిలేది గరుసు.

యాంకర్: ఎంత పోతోందని లెక్క ఏమైనా ఉందా సార్?

శాస్త్రవేత్త: దేశం మొత్తానికి 1983లో వేసిన అంచనా ఒకటి ఉంది, ఏటా హెక్టారుకు 16 టన్నుల పైచిలుకు. ఎకరాకు ఆరున్నర టన్నులు అనుకోండి. వింటే గుండె గుభేలుమంటుంది గానీ చేనంతా పరిస్తే ఒక మిల్లీమీటరు మందమే, కంటికి ఆనదు, అందుకే ఎవరికీ టెన్షన్ లేదు. ఇరవై, పాతికేళ్ళకు అంగుళం పోతుంది. రెండు జానలు తవ్వగానే గరుసు తగిలే చేలకు అంగుళమంటే ఎంతో ఆలోచించండి.

ఇంజినీర్: అందుకే గట్లు వేయమని మొత్తుకునేది.

రైతు: గట్లు వేసినారు సార్, కాదనను. మీరేమో వాలుకు అడ్డంగా వంకర గీత గీస్తారు. అది నా చేనిలో మొదలై పక్కాయన చేను మధ్యలోంచి పోతుంది. ఆయన ఊరుకుంటాడా? రెండేళ్ళకు దున్నేసినాడు.

ఇంజినీర్: (నవ్వుతూ) కాగితం మీద నీళ్ళకు సరిహద్దులు లేవు, ఊర్లో ఉన్నాయి. ఇంకో తప్పు కూడా చాలాచోట్ల జరిగింది. ఎర్రనేలలో నీళ్ళు ఇంకుతాయి కాబట్టి సమతల గట్టు, అంటే పొడుగునా ఒకే మట్టంలో సాగే గట్టు, పనికొస్తుంది. అదే గట్టును ఆదోని వైపు నల్లరేగడిలో వేస్తే నీళ్ళు ఇంకక గట్టు వెనకే నిలిచి పైరు కుళ్ళుతుంది, ఎండాకాలం గట్టు నెర్రెలిస్తుంది, మళ్ళీ పెద్దవాన రాగానే తెగిపోతుంది. అక్కడ కొద్దిగా వాలు ఇచ్చి, మిగులు నీళ్ళు గడ్డి మొలిచిన కాలువలోకి మెల్లగా పోయేట్టు చేయాలి. పైగా అక్కడ చాలామంది రబీలో వేసే శనగ కోసం ఖరీఫంతా భూమి ఖాళీగా పెడతారు, జోరువానలు పడేదేమో సరిగ్గా అప్పుడే.

యాంకర్: వాలుకు అడ్డంగా విత్తితే సగం పని అవుతుందంటారు. అదైనా ఎందుకు చేయరక్కా?

రైతు: చేను సన్నగా, పొడుగ్గా, వాలు వెంబడే ఉంటే? అడ్డంగా పోతే ట్రాక్టరు అడుగడుగునా తిరగాలి. గంటకు ఇంత అని బాడుగ, ఆ తిరగడానికి ఎవరిస్తారు డబ్బు?

శాస్త్రవేత్త: ఇది న్యాయమైన మాట, మా సలహాల్లో ఈ బాడుగ లెక్క ఉండదు. కానీ నా దృష్టిలో గట్టు రెండో సంగతి, నేలను కప్పి ఉంచే పైరో ఆకో ఉండడం మొదటిది. వేరుశనగను కోయం, వేళ్ళతో సహా పీకేస్తాం. కాయ అంగడికి, కట్టె (ఎండిన చెట్టు) పశువులకు. నేలకు తిరిగి ఏం ఇచ్చాం? పీకిన చేను గుల్లగా బోడిగా అట్లే పడి ఉంటుంది, మళ్ళీ జూన్ గాలికి దుమ్ము లేస్తుంది.

రైతు: అట్లని కట్టె చేన్లోనే వదిలేస్తే ఎనుములకు ఏం పెట్టాలి?

శాస్త్రవేత్త: వదలొద్దు. ఏడెనిమిది సాళ్ళకు ఒక సాలు కంది వేస్తే చెనక్కాయ పీకినా కంది నిలబడి ఉంటుంది, ఆకు కూడా రాలుస్తుంది. ఇంకోటి, ప్రకృతి వ్యవసాయంలో చెప్పినట్టు వానకు ముందే నవధాన్యాలు చల్లడం. తొలకరి చినుకు నేల మీద కాకుండా ఆకు మీద పడుతుంది.

రైతు: చల్లినాం. మేలో ఊరంతా ఎండిపోతే పచ్చగా ఉండేది నా చేను ఒక్కటే, గొర్రెల మందలు దాని మీదనే పడ్డాయి.

ఇంజినీర్: మందను తప్పుబట్టలేం, ఎరువు కూడా దాంతోనే వస్తుంది.

రైతు: మందను రావద్దనడం లేదు సార్. నవధాన్యం ఏపుగా అయ్యేదాకా ఆగి, కలియదున్నే ముందు రెండు రాత్రులు చేన్లో మంద పెట్టిస్తే నాకూ ఎరువు, వాళ్ళకూ మేత, డబ్బు. ఆ మాట నేనొక్కదాన్నే అడిగితే కాపరి వినడు. పది చేలవాళ్ళం కలిసి అడగాలి, ఈసారి విత్తనాలు చల్లకముందే.