కాశీకి తొలిసారి వెళ్తున్నారా? రూమ్ ఏ ఏరియాలో తీసుకోవాలంటే...

నమస్తే అండి. కాశీ వీడియోల కింద ఎక్కువగా అడుగుతున్న ప్రశ్న ఒకటే. "అమ్మానాన్నల్ని తీసుకెళ్తున్నాం, మంచి హోటల్ పేరు చెప్పండి" అని. ఈ వీడియోలో హోటల్ పేర్లు చెప్పను, ఏరియాలకే రివ్యూ ఇస్తాను. ఎందుకంటే కాశీలో గది కాస్త అటూ ఇటూ అయినా సర్దుకుపోతాం. ఏరియా తేడా వస్తే మాత్రం రోజంతా ఆటో బేరాలతోనో, మెట్లెక్కి దిగడంతోనో సరిపోతుంది.

ముందు మ్యాప్ చూడండి. గంగ ఇక్కడ ఉత్తరం వైపు పారుతుంది. పాత ఊరంతా పడమటి ఒడ్డున ఉంది, ఎదురుగా చాలా మేర ఇసుకే. 84 ఘాట్లు ఒకే ఒడ్డున వరసగా ఉంటాయి. దక్షిణం కొసన అస్సీ. ఉత్తరంగా వస్తే హరిశ్చంద్ర ఘాట్, కేదార్ ఘాట్, ఆ తర్వాత దశాశ్వమేధ్. దాన్ని కూడా దాటితే విశ్వనాథుడి గుడి, మణికర్ణిక. మీరు ఎక్కడ దిగినా ఈ గీత మీదే అటో ఇటో తిరగాలి.

గుడికి దగ్గరగా ఉండాలని అందరూ మొదట వెతికేది గొదౌలియా, దశాశ్వమేధ్ ప్రాంతం. దగ్గరన్న మాట నిజమే. మ్యాప్‌లో నాలుగు వందల మీటర్లని చూపిస్తుంది. ఆ నాలుగు వందల మీటర్లు ఎలా ఉంటాయో చెప్తాను వినండి. గొదౌలియా చౌరస్తాలో ఆటో ఆపేస్తారు, అక్కడి నుంచి ఘాట్ వైపు బండ్లు వెళ్లనివ్వరు. రద్దీ రోజుల్లో ఇంకా ముందే బారికేడ్లు పెడతారు. సామాను దించుకుని గల్లీలోకి తిరిగారా, కింద రాతి పలకలు. రెండు పలకల సందులో సూట్‌కేసు చక్రం ఇరుక్కుంటుంది. వెనక నుంచి బైకు హారన్, ముందు అడ్డంగా నిలబడ్డ ఎద్దు. అది తనకు బుద్ధి పుట్టినప్పుడు కదులుతుంది. ఈలోగా అమ్మ గోడ పట్టుకుని నిలబడి "ఇంకా ఎంత దూరంరా?" అంటుంది. హోటల్‌కి చేరాక మీ గది మూడో అంతస్తులో, లిఫ్ట్ ఉండదు. పాత ఇళ్లనే గదులుగా మార్చారు మరి, లిఫ్ట్ పెట్టడానికి చోటేది?

అయినా ఈ ఏరియాని కొట్టిపారేయను. తెల్లవారుజామున మూడింటికి మొదలయ్యే మంగళహారతికి వెళ్లాలనుకుంటే దీనికి మించింది లేదు. ఆ వేళకి నడిచి వెళ్లిపోవచ్చు. ఇంకో లాభం ఉంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. దూరం నుంచి వచ్చినవాళ్లు లాకర్ కోసం తిరగాలి, లేదా పూజసామాను కొంటేనే బ్యాగు పెట్టుకోనిచ్చే దుకాణంలో వదలాలి. దగ్గర్లో ఉంటే ఫోన్లు గదిలోనే పడేసి చేతులూపుకుంటూ వెళ్లొచ్చు. మోకాళ్లు బాగున్నవాళ్లు, చిన్న బ్యాగుతో వచ్చేవాళ్లు ఇక్కడే తీసుకోండి.

తొలిసారి, ఇంట్లో పెద్దవాళ్లతో అంటే నా ఓటు వేరే చోటికి. పాండే హవేలీ, సోనార్‌పురా, కేదార్ ఘాట్ చుట్టుపక్కల. దశాశ్వమేధ్‌కీ అస్సీకీ నడుమ ఉంటుంది ఈ ప్రాంతం. మెయిన్ రోడ్డు దాకా ఆటో వస్తుంది, అక్కడి నుంచి గల్లీలో కొద్దిపాటి నడక. ఘాట్ల మీదుగా నడిస్తే ఇరవై నిమిషాల్లో దశాశ్వమేధ్‌లో సాయంత్రం జరిగే గంగా హారతి దగ్గరికి చేరతారు. పైగా మన మాట వినిపించే చోటు ఇది. మానససరోవర్ ఘాట్ దగ్గరున్న ఆంధ్రా ఆశ్రమం ఇక్కడిదే. చుట్టుపక్కల తెలుగు బోర్డులు, తెలుగులో పలకరించే పురోహితులు కనిపిస్తారు. పిండప్రదానాలు, తొమ్మిది రాత్రుల నిద్ర అనుకుని వచ్చే మనవాళ్లు ఎక్కువగా ఇటే దిగుతారు. హిందీ రాని నాన్న ఒక్కరే బయటికెళ్లి కాఫీ తాగి తిరిగి రాగలిగే ఏరియా అంటే మీకు అర్థమవుతుంది కదా.

పొద్దున్నే ఎరుపు తెలుపు చారల కేదారేశ్వరుడి గుడి ముందు మెట్ల మీద కూర్చుంటే దశాశ్వమేధ్‌లో ఉండే తోపులాట ఉండదు. మెట్లు మాత్రం నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్ల చెయ్యి వదలకండి. ఇంకో విషయం దాచకుండా చెప్పాలి. హరిశ్చంద్ర ఘాట్ పక్కనే. అక్కడ రాత్రీ పగలూ చితులు కాలుతూనే ఉంటాయి, గాలి ఇటు తిరిగితే పొగ వస్తుంది. కొంతమందికి అది కాశీలో భాగం, కొంతమందికి నిద్ర పట్టదు. మీ ఇంట్లోవాళ్ల సంగతి మీకే తెలుసు. ఇబ్బంది అనిపిస్తే ఆ ఘాట్‌ని ఆనుకున్న గది కాకుండా పాండే హవేలీ వైపు చూసుకోండి.

అస్సీ కుర్రకారు ఏరియా. వీధులు కాస్త వెడల్పు, కెఫేలు ఉన్నాయి, పొద్దున హారతి, సంగీతం ఉంటాయి. బనారస్ హిందూ యూనివర్సిటీ, దుర్గాకుండ్, సంకటమోచన్ దగ్గర. ఫ్రెండ్స్‌తో వెళ్తే హాయి. విశ్వనాథుడి దర్శనమే ముఖ్యమైతే మాత్రం రోజూ అటూ ఇటూ ప్రయాణం విసుగు తెప్పిస్తుంది.

కంటోన్మెంట్‌లో పెద్ద హోటళ్లు, లిఫ్టులు, పార్కింగ్ అన్నీ ఉంటాయి. గంగ మాత్రం ఉండదు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లతో వెళ్తే అదే మేలు, మిగతావాళ్లకి నేను చెప్పను.

ఇక "గంగా వ్యూ" గదుల సంగతి. ఫోటోలో కనిపించే నది చాలాసార్లు మేడ మీద నుంచి తీసింది. గది కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అందుకే ఫోన్ చేసి "మంచం మీద కూర్చుంటే నది కనిపిస్తుందా?" అని సూటిగా అడగండి. నిజంగానే నది వైపు గదైతే సూర్యోదయం ఎదురుగానే వస్తుంది, ఘాట్లన్నీ తూర్పుముఖమే కదా. బాల్కనీకి గ్రిల్ ఉందో లేదో కూడా కనుక్కోండి. లేకపోతే ఆరేసిన పంచెని కోతులు పట్టుకుపోతాయి.

వానాకాలంలో వెళ్లేవాళ్లకి ఈ లెక్కలన్నీ మారిపోతాయి. గంగ పెరిగితే ఘాట్లు మునుగుతాయి, ఒక ఘాట్ నుంచి ఇంకో ఘాట్‌కి ఒడ్డున నడిచే దారి ఉండదు. పడవలు ఆపేస్తారు, హారతి మేడల మీద చేస్తారు. నేను చెప్పిన ఇరవై నిమిషాల నడక అప్పుడు గల్లీల్లోంచే. ఆగస్టులో వెళ్తుంటే నది వైపు గదికి ఎక్కువ పెట్టకుండా మెయిన్ రోడ్డుకి దగ్గరగా ఉన్నది చూసుకోండి. కార్తీక పౌర్ణమికి దేవ దీపావళి, ఆపైన శివరాత్రి. ఈ రెండింటికీ నెలల ముందే గదులు అయిపోతాయి.

బుక్ చేసే ముందు టికెట్‌లో స్టేషన్ పేరు చూడండి. వారణాసి జంక్షన్, బనారస్ అనే స్టేషన్లు రెండూ ఊళ్లోనే ఉన్నాయి. దానాపూర్ ఎక్స్‌ప్రెస్‌లో వచ్చేవాళ్లు మాత్రం దీన్ దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్‌లో దిగాలి. అదే పాత మొగల్‌సరాయ్. అక్కడి నుంచి గంగ దాటి ఊళ్లోకి పదిహేను కిలోమీటర్ల పైనే. రాత్రి పొద్దుపోయాక దిగుతుంటే సత్రం గేటు ఎన్నింటికి మూస్తారో ముందే కనుక్కోండి. మూసేస్తామంటే ఆ ఒక్క రాత్రికీ స్టేషన్ దగ్గర గది తీసుకుని, పొద్దున్నే పాండే హవేలీకి వచ్చేయండి.