అద్దం ముందు ఆగినవాళ్లు

శ్రోతలందరికీ నమస్కారం.

హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో సంగీత గడియారం ఉంది. గంట కావడానికి ముందే జనం చేరతారు. గడియారంలోంచి చిన్న బొమ్మ బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట మోగించి లోపలికి వెళ్లిపోతుంది. ఆ మోత ఆగిందో లేదో, అందరూ లేచి నడక సాగిస్తారు. క్షణక్షణానికీ సుత్తితో కొడుతూ ఉండే కమ్మరి బొమ్మ కూడా అందులోనే ఉంది. దాని కోసం ఆగేవాళ్లు తక్కువ.

ఇంటర్న్‌గా నాకు అప్పగించిన పని ఇలాంటివి గమనించడమే. ఎవరి పేరూ అడగం, ఫొటో తీయం. ఎక్కడ ఆగారు, ఎంతసేపు నిలబడ్డారు, బోర్డు చదివారా, ఏమనుకున్నారు, ఇవే రాసుకోవాలి. ఇది పాత విద్యే. అమెరికాలో బోస్టన్ మ్యూజియంలో పనిచేసిన బెంజమిన్ గిల్మన్, వస్తువులు చూడటానికి మనిషి ఎంతెంత వంగాలో, మెడ ఎంత సాచాలో ఫొటోలు తీయించి 1916లోనే ప్రచురించాడు. మ్యూజియంలో అలసట వస్తోందంటే వస్తువులు అమర్చిన తీరును సరిచూసుకోవాలన్నది ఆయన మాట.

నేను ఎక్కువగా గమనించింది ఒక చెక్క విగ్రహం దగ్గర. ముందు నుంచి చూస్తే తలకు ముసుగు, ఒంటి మీద అంగీ, ఛాతీ విరుచుకుని నిలబడ్డ మగమనిషి. వెనక అద్దం. ఆ అద్దంలో తల వంచుకున్న అమ్మాయి. ఒకే దుంగలో చెక్కిన ఇద్దరు. జర్మన్ కవి గోథే రాసిన 'ఫౌస్ట్' నాటకంలోని సైతాను మెఫిస్టోఫిలిస్, అమాయకురాలైన మార్గరెట్టా వాళ్లు.

ఒంటరిగా వచ్చినవాళ్లు చాలామంది ముందు నుంచి ఫొటో తీసుకుని కదిలేవారు. తోడుతో వచ్చినవాళ్ల సంగతి వేరు. "అద్దంల చూడు బిడ్డా, ఎనుక ఆడపిల్ల ఉన్నది" అని ఒక పెద్దమ్మ మనవడితో అంది. వాడు పక్కకెళ్లి తొంగిచూశాడు, మళ్లీ ముందుకొచ్చాడు, తండ్రిని చెయ్యి పట్టి లాక్కొచ్చాడు. ఆ తర్వాత ఇంటిల్లిపాదీ కథ కట్టడం మొదలుపెట్టారు. ఇష్టంలేని పెళ్లి చేస్తున్నారని ఒకరు, తప్పు చేసి తల దించుకుందని ఇంకొకరు. గోథే ఎవరో వాళ్లకి తెలియదు. అయినా ఆ వంచిన మెడనూ, ఎగదన్నిన ఛాతీనీ పక్కపక్కన పెట్టి చూశారు. పేరు చదివి, సరేనని వెళ్లిపోయినవాళ్లకంటే వీళ్లే ఆ బొమ్మను బాగా చూశారని నా గట్టి నమ్మకం.

అందుకే నా కాగితంలో ఒక గడి అదనంగా గీసుకున్నాను: ఎవరు ఎవరికి చూపించారు? పెద్దలే పిల్లలకు చూపిస్తారని అనుకుంటాం. అద్దంలో అమ్మాయిని ముందు పట్టేసేది మాత్రం తరచూ పిల్లలే. ఎత్తు తక్కువ కాబట్టో, ఓ చోట కుదురుగా నిలబడరు కాబట్టో తెలియదు గానీ, వాళ్లు పక్కలకీ వెనక్కీ వెళ్తారు.

ఏ మ్యూజియంలోనైనా బోర్డులు రాసేవాళ్లకు నేను అడిగేది ఇదే. పెద్దలకు పేరూ, కాలమూ, వివరమూ రాయండి. దాని కింద, ఆరేళ్ల పిల్ల కళ్లకు అందే ఎత్తులో, తెలుగులో ఒక ప్రశ్న పెట్టండి: "వెనక ఎవరున్నారు?" చదవడం వచ్చిన పిల్ల పైకి చదువుతుంది. పక్కనున్నవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.